ఐదు షెడ్లకు ఒకే తాడు

పందిని పట్టుకోవడం ఎప్పుడూ చూడనివాళ్లకు దాని అరుపు గురించి ఎంత చెప్పినా తక్కువే. పై దవడకు తాడు ఉచ్చు వేసి బిగించగానే అది వెనక్కి గుంజుతూ ఒకటే అరుపు అందుకుంటుంది. నొప్పితో కాదు, ఒళ్లు మండి. అలా గుంజుతూ నిలబడ్డ అర నిమిషంలో దాని ముక్కులోకి పొడుగాటి దూదిపుల్ల పెట్టి, రెండుసార్లు తిప్పి, తీసి, గాజు గొట్టంలో వేసి మూత బిగించాలి. ఇరవై ఏళ్లకు పైగా నా ఉద్యోగమంటే ముఖ్యంగా ఇదే. పశువైద్యం డిగ్రీ, దాని మీద వైరస్‌ల చదువు, గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన సర్టిఫికెట్లు, అన్నీ కలిసి నన్ను తీసుకొచ్చి పంది ముక్కు ముందు కూర్చోబెట్టాయి. ఏం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగితే ప్రభుత్వ ఉద్యోగం అని ఊరుకునేవాణ్ణి.

మేము వెంగళరావు నగర్లో ఉండేవాళ్లం. ఐటీ ఊపు మీదున్న రోజులు. మా వీధిలో ప్రతి మేడ మీదా సాఫ్ట్‌వేర్ పిల్లలు అద్దెకుండేవారు. పొద్దున్నే మెడలో ట్యాగులు వేసుకుని కంపెనీ బస్సు కోసం నిలబడేవారు. సరిగ్గా అదే వేళకు నేను స్కూటర్ మీద కాళ్ల మధ్య ఐస్ డబ్బా పెట్టుకుని, సంచీలో రబ్బరు బూట్లు, తాడు వేసుకుని బయల్దేరేవాణ్ణి. మా ల్యాబులో కంప్యూటర్ పని తెలిసిన ఒక్క జూనియర్ అమ్మాయి కూడా నేను చెప్పబోయే ఈ ఏడాదే మాదాపూర్లో కంపెనీ ఉద్యోగానికి వెళ్లిపోయింది. వెళ్తూ స్వీట్లు పంచింది. ఆమె పని కూడా నా బల్ల మీదికే వచ్చింది. కోపం రాలేదు కానీ ఓపిక మాత్రం ఆ రోజు నుంచే తగ్గింది.

కృష్ణానగర్ సందుల్లోంచి పైకెక్కి, ఫిల్మ్‌నగర్ బండల వెనక్కి దిగితే నాలా పక్కన ఐదు పందుల షెడ్లుండేవి. జూబ్లీహిల్స్‌లో పందులేమిటండీ అని మా ఆఫీసులోనే నవ్వేవారు. అక్కడే ఉండాలి మరి. షూటింగ్ యూనిట్ల భోజనాల్లో మిగిలిన అన్నం, సాంబారు, బిర్యానీ డ్రమ్ముల్లో వచ్చేది ఆ చుట్టుపక్కల నుంచే. ఐదు షెడ్లవాళ్లూ కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు. అది వచ్చి వరుసగా ఒక్కో షెడ్డు దగ్గరా కుడితి తొట్టిలోకి డ్రమ్ము వంపి పోయేది. హీరోలు తిని వదిలేసింది మా పందులు తింటాయని వాళ్లు గొప్పగానే చెప్పుకునేవారు. ఇప్పుడక్కడ షెడ్లూ లేవు, నాలా కనపడదు, అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి.

ఐదో షెడ్డు, అన్నిటికంటే చివరిది, ఒక పెద్దావిడది. భర్త పోయాక ఒక్కతే నడుపుకొచ్చేది. యాభై దాటి ఉంటాయి. పందిని పట్టుకోవడానికి మిగతా షెడ్లలో ఇద్దరు మగవాళ్లు కావాల్సి వస్తే, ఆవిడ మోకాలితో దాన్ని గోడకు అదిమి పెట్టి, ఇగ కానీయ్ సారూ అనేది. ఆ ఐదు షెడ్లలో మగపంది ఉన్నది ఆవిడ దగ్గరే. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్న సీమపంది. ఒళ్లంతా తెలుపు, ముక్కు మీద మాత్రం అరచేయంత గులాబి మచ్చ. ఏ షెడ్డులో ఆడపంది ఎదకొస్తే ఆ షెడ్డుకు దాన్ని కర్రతో నెమ్మదిగా తోలుకుపోయేది. ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకటి ఆవిడకివ్వాలి. అది అక్కడి కట్టుబాటు. ఆవిడ బతుకంతా ఆ మగపంది నడకల మీద ఆధారపడి ఉండేదంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. ఆ నాలుగు షెడ్లవాళ్లు ఆవిడను అక్కా అని పిలిచేది కూడా సగం ఆ మగపంది వల్లే.

స్వైన్ ఫ్లూ అన్న మాట టీవీల్లో మారుమోగిన చలికాలం అది. పేరులోనే పంది ఉంది కాబట్టి జనం పందులను చూస్తేనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఊళ్లోంచి పందులను తరిమేయాలన్నారు. మా పైవాళ్లకూ హడావుడి పుట్టి, పందుల్లో ఏ వైరస్ తిరుగుతోందో చూడమని నాకు కాగితం పంపారు. వారం వారం లెక్క చెప్పాలి. ఒక్కో షెడ్డులో మొదట ఒకసారి, మూడు నాలుగు రోజులాగి రెండోసారి దూదిపుల్లలు తీయాలి. అంటే వెళ్లిన ప్రతిసారీ ముందు పాత షెడ్డుకు వెళ్లి రెండోసారి తీసుకుని, అక్కడి నుంచి నేరుగా కొత్త షెడ్డుకు వెళ్లాలి.

మొదలుపెట్టాల్సిన రోజుకు నాకు జ్వరం. పెద్ద జ్వరమేం కాదు, ఒళ్లు నొప్పులు, ఆగని దగ్గు. మా ఆవిడ మిరియాల కషాయం చేతికిచ్చి, ఒక్క రోజు సెలవు పెడితే పందులేమీ బెంగ పెట్టుకోవండీ అంది. ఐస్ డబ్బా నింపేశానని చెప్పి బయల్దేరాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట ఎంత తెలివితక్కువదో తెలుస్తుంది. నిండింది ఐస్ డబ్బా, అంతే కదా. కానీ అలసిపోయిన మనిషికి పని ఆపాలంటే కూడా కాస్త ఓపిక కావాలి, అది నాకు లేదు.

మాస్కు ఇచ్చారు. పందుల నుంచి మనకు రాకుండా. దగ్గుతుంటే ఊపిరాడక దాన్ని గడ్డం కిందికి లాగేసుకున్నాను. మొదటి షెడ్డులో ప్రతి పంది ముఖంలో ముఖం పెట్టి దగ్గాను. మూడు రోజుల తర్వాత అక్కడ రెండోసారి తీసుకుని పక్కనే ఉన్న రెండో షెడ్డుకు వెళ్లబోతే, సందుకు అడ్డంగా షూటింగ్‌వాళ్ల జనరేటర్ వ్యాన్ పెట్టారు. ఏదో పాట తీస్తున్నారట. తీయమంటే తీయలేదు. సరే అని చుట్టూ తిరిగి నాలుగో షెడ్డుకు వెళ్లాను. ఆ తర్వాత రెండు, మూడు, చివరికి పెద్దావిడ ఐదో షెడ్డు. ఆవిడ నా దగ్గు విని, పని కాగానే అల్లం చాయ్ పెట్టి ఇచ్చింది. నీ పాణం జర మంచిగ చూసుకో సారూ అంది.

జాగ్రత్తలు తీసుకోలేదని కాదు. షెడ్డు మారగానే చేతి తొడుగులు మార్చాను, బూట్లు మందునీళ్లలో ముంచాను. తాడొక్కటే మార్చలేదు. కొత్త తాడు జారుతుంది, పంది పళ్ల వెనక సరిగ్గా కూర్చోదు. ఈ పని చేసేవాళ్లందరికీ తమ పాత తాడంటే మమకారం. నాదైతే ఉద్యోగంలో చేరిన కొత్తలోది. పందుల నురగ పీల్చుకుని మెత్తబడి, చెయ్యి ఎటంటే అటు తిరిగేది. అది తడిగా ఉండగానే చుట్ట చుట్టి సంచీలో వేసుకుని పక్క షెడ్డుకు వెళ్లేవాణ్ణి.

ఐదో షెడ్డు కూడా అయ్యాక వారానికి వెళ్తే ఐదు షెడ్లలోనూ దగ్గు వినపడింది. పంది దగ్గు మనిషి దగ్గులాగే ఉంటుంది, ఇంకాస్త మొరటుగా. కుడితి ముట్టుకోకుండా ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి. పెద్దవి నాలుగు రోజుల్లో లేచి తిరుగుతాయని నాకు తెలుసు. కానీ నాలుగో షెడ్డులో అప్పుడే పుట్టిన పిల్లలు చాలా వరకు చచ్చిపోయాయి. ఆ షెడ్డతను వాటిని గోనెసంచీలో వేసి గుమ్మం ముందు పెట్టి ఉన్నాడు. మిగతావాళ్లూ చేరారు. ఎట్లొచ్చింది సారూ, ఎవని షెడ్డు నుంచి వచ్చింది, అని నన్ను నిలదీశారు.

నాకు ఒళ్లంతా నీరసంగా ఉంది. దగ్గుతున్న పందుల నమూనాలు ఇంకా మూడు షెడ్లలో తీయాల్సి ఉంది. ఏదో ఒకటి చెప్పి కదలాలనిపించింది.

"మగపంది ఒకటే కదా అన్ని షెడ్లూ తిరిగేది. దాని వల్లే అయ్యుంటుంది" అన్నాను.

అయ్యుంటుంది అన్నాను, అయింది అనలేదు. కానీ డాక్టరు నోట్లోంచి వచ్చాక ఆ తేడా ఎవరు చూస్తారు. పెద్దావిడ అక్కడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు కాసేపు చూసి తన షెడ్డుకు వెళ్లిపోయింది. నమూనాలు వేరే ఊరి పెద్ద ల్యాబుకు పంపాం, జవాబు రావడానికి వారాలు పడుతుందన్నారు. ఆ వారాల్లో ఆవిడకు జరగాల్సిందంతా జరిగిపోయింది. మగపందిని ఎవరూ రానివ్వలేదు. పాత ఈతలకు ఇవ్వాల్సిన పిల్లలనూ ఇచ్చేది లేదన్నారు. ట్రాలీ ఆటో నాలుగో షెడ్డు దగ్గరే వెనక్కి తిరిగిపోవడం మొదలైంది. ఆవిడ తలమీద తట్ట పెట్టుకుని కృష్ణానగర్ మెస్సుల చుట్టూ తిరిగి ఎంగిలి తెచ్చుకునేది. చివరికి తిండి పెట్టలేక మగపందిని ఎర్రగడ్డ వైపు కసాయికి ఇచ్చేసింది. నేను తర్వాత వెళ్లినప్పుడు దాని గది కడిగి ఉంది.

జవాబు కాగితాలు ఆ తర్వాత వచ్చాయి. వైరస్ జన్యువును అక్షరాల్లో రాసిన బారెడు వరసలు. నా వల్ల కాక, కంపెనీలో చేరిన మా పాత జూనియర్‌ను ఒక ఆదివారం ఇంటికి పిలిచాను. ఆమె మా డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని, మా ఆవిడ పెట్టిన ఉప్మా తింటూ పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ఫ్లూ వైరస్ జన్యువు ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. పందికి మనుషుల ఫ్లూ అంటుతుంది, పక్షుల ఫ్లూ అంటుతుంది. రెండూ ఒకేసారి అంటితే లోపల ఆ ముక్కలు కలిసిపోయి కొత్తరకం పుట్టొచ్చు. లోకమంతా భయపడేది దానికే. మా ఐదు షెడ్లలో అదేమీ జరగలేదు. ఎనిమిది ముక్కలూ ఆ చలికాలం ఊళ్లో మనుషులకు వచ్చిన జ్వరానివే. పందులు మనుషులకు ఇవ్వలేదు, మనిషే పందులకు ఇచ్చాడు.

అది మొదటి సంగతి. రెండోది ఆమె కాగితం వెనక గీసి చూపించింది. సినిమా ఆఫీసుల్లో సీను పేపరు ఒకరిది చూసి ఒకరు చేత్తో రాసుకుంటారు కదా. ఒకడు ఒక అక్షరం తప్పు రాస్తే, అతనిది చూసి రాసినవాడి దగ్గరా ఆ తప్పు ఉంటుంది, దాని మీద వాడి సొంత తప్పు ఒకటి చేరుతుంది. ఎవరిది చూసి ఎవరు రాశారో ఆ తప్పులు చూసి చెప్పొచ్చు. వైరస్ కూడా అలాగే తన్ను తాను రాసుకుంటూ పోతుంది. మొదటి షెడ్డు వైరస్‌లో తప్పుల్లేవు. నాలుగో షెడ్డులో ఒకటి. రెండో షెడ్డులో ఆ ఒకటీ, ఇంకొకటీ. అలా పోయి పోయి ఐదో షెడ్డుకు వచ్చేసరికి అన్ని తప్పులూ ఉన్నాయి. మగపంది తెచ్చి ఉంటే దాని షెడ్డు మొదట ఉండాలి. అది అన్నిటికంటే చివర ఉంది.

"ఒకటి, నాలుగు, రెండు, మూడు, ఐదు. ఈ వరసలో ఎవరెళ్లారు సార్ అక్కడికి?" అంది ఆ అమ్మాయి.

ఆమె మామూలుగానే అడిగింది. నాకు మాత్రం సందుకు అడ్డంగా నిలబెట్టిన జనరేటర్ వ్యాన్ కళ్లకు కట్టింది. ఆ వరసలో వెళ్లినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. నా నోటుబుక్కు తీసి చూడాల్సిన పని కూడా లేదు. కనుక్కుని చెప్తానని ఆమెను పంపించేశాను. సిగ్గుగా ఉంది, ఇంకా నిజం చెప్పాలంటే ఎవరికీ తెలియకుండా పోతే బాగుండుననిపించింది. రిపోర్టులో "ఉమ్మడి పరికరాల ద్వారా వ్యాపించి ఉండవచ్చును" అని రాశాను. ఎవరి పరికరాలో రాయలేదు. పైవాళ్లు అడగలేదు.

పదిహేను రోజులు తప్పించుకు తిరిగాక, ఇక లాభం లేదని ఆవిడ దగ్గరికి వెళ్లాను. తొట్టి కడుగుతోంది. ఉపోద్ఘాతాలేవీ లేకుండా చెప్పేశాను. మీ మగపంది కాదమ్మా, నా జ్వరమూ నా తాడూ తెచ్చాయి అన్నాను. ఆవిడ చీపురు పక్కన పెట్టింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"నాకెర్కనే సారూ. నువ్వు దగ్గుకుంట వచ్చినవ్, నువ్వు పోయినంక నాలుగు దినాలకు ఇవి దగ్గినయ్. నేను చూడలేదా ఏంది?"

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"డాక్టరుకు గట్ల ఎట్ల చెప్తం? నువ్వు మందు తెలిసినోనివి. నేను పందులు కాసేదాన్ని." మళ్లీ చీపురు అందుకుని, "నాకు చెప్తే ఏమొస్తది, గాళ్లకు చెప్పు" అంది.

చెప్పాను. నలుగురినీ మొదటి షెడ్డు ముందు కూర్చోబెట్టి, కాగితం చూపించి, తప్పుల వరస విడమరిచి, తాడు బయటికి తీసి మరీ చెప్పాను. అంతా విన్నారు. విని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మొదటి షెడ్డతను చాలా మర్యాదగా, మీరు పెద్దమనసుతో అక్కను బచాయించనికి గిట్ల మీద వేసుకుంటుండ్రు సారూ అన్నాడు. ఎంత చెప్పినా అంతే. నీరసంతో నోటికొచ్చింది అన్నప్పుడు ఎవరూ కాగితం అడగలేదు. తీరా కాగితం పట్టుకుని నిజం చెప్తే జాలి అన్నారు. కోపం పట్టలేక కాగితాన్ని మడిచి జేబులో కుక్కుకుని స్కూటర్ తీశాను. కోపం వాళ్ల మీద కాదు.

తర్వాతి చలికాలానికి మళ్లీ నమూనాలు తీయమన్నారు. ఐదు కొత్త తాళ్లు కొని షెడ్డుకొకటి మేకుకు తగిలించాను. నా పాత తాడు అంతకుముందే పారేశాను. ఆవిడ అప్పటికి మూడు పందులకు దిగిపోయింది. వాటికీ పొద్దున తట్టే, సాయంత్రం తట్టే. ఈసారి ఆవిడ షెడ్డుతోనే మొదలుపెడదామని వెళ్లాను. ముందు రోజు నుంచి గొంతులో కాస్త గరగర. ఇంట్లో చెప్పలేదు. చెప్తే మళ్లీ కషాయం, మళ్లీ సెలవు మాట. అదేమంత పెద్దది కాదని నాకు నేనే చెప్పుకున్నాను. గుమ్మం ముందు బూట్లు తొడుక్కుంటుంటే దగ్గొచ్చింది. మింగేశాను.

ఆవిడ లోపల్నుంచి వచ్చింది.

"దగ్గున్నదా సారూ?"

దుమ్మమ్మా అన్నాను. ఇంత జరిగాక కూడా అలా అన్నానంటే రాయడానికి సిగ్గేస్తోంది. ఆవిడ నా ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి గేటు మూసి, దానికి ఆనుకుని నిలబడింది. అప్పుడే నాలుగో షెడ్డు దగ్గర మొదటి షెడ్డతనూ నాలుగో షెడ్డతనూ డ్రమ్ము దింపుకుంటున్నారు. ఆవిడ మాట్లాడింది వాళ్లకు వినపడేలా, కానీ చూపు నా మీదే ఉంది.

"సారుకు దగ్గున్నది. లోపలికి రానియ్య. పోయినేడు గీ దగ్గే తెచ్చిండు, నా మగపంది కాదు."

వాళ్లిద్దరూ డ్రమ్ము అలాగే పట్టుకుని నా వైపు చూశారు. నేను నవ్వేసి ఏదో ఒకటి అంటే అయిపోయేది. వాళ్లు ఎదురుచూస్తున్నదీ అదే.

"అవును, దగ్గుంది" అన్నాను. తొడుక్కున్న బూట్లు వాళ్ల ముందే విప్పి సంచీలో వేసుకుని స్కూటర్ దగ్గరికి నడిచాను. నేను కాగితంతో చెప్పినప్పుడు కదలని మనుషులు, ఒక డాక్టరు గుమ్మం ముందు నుంచి తిరిగిపోతుంటే కదిలారు. నాలుగో షెడ్డతను డ్రమ్ము వదిలేసి తన గేటు గడియ పెట్టుకున్నాడు. నేను నాలా పక్కనుంచి వస్తుంటే మొదటి షెడ్డతను నాకంటే ముందు పరిగెత్తి మిగతా ఇద్దరికీ చెప్పాడు. వరసగా గేట్లు మూసుకున్నాయి. ఇరవై ఏళ్ల పైబడ్డ ఉద్యోగంలో నన్ను పరీక్ష చేసిన మనిషి ఆవిడొక్కతే. ఇంటికి వెళ్లి దగ్గుందని మా ఆవిడకు చెప్పి, సెలవు చీటీ రాసి పడుకున్నాను.

పది రోజులాగి వెళ్లాను. ట్రాలీ ఆటో ఐదో షెడ్డు దాకా వెళ్లి తిరిగొస్తూ ఎదురుపడింది. ఆవిడ షెడ్డులో, కడిగి ఖాళీగా ఉంచిన గదిలో, ఒక కుర్ర మగపంది తిరుగుతోంది. ముక్కు మీద గులాబి మచ్చ ఉంది. పాత ఈతల బాకీ కింద ఎవరో ఒక షెడ్డతను ఇచ్చినట్టున్నాడు. గేటు అవతల నుంచే ముందు నా గొంతు ఎట్లున్నదని అడిగింది. పూర్తిగా తగ్గిందని చెప్పాక గడియ తీసింది.